అద్దె మాస్కు గారికి మీసాల మనిషి లేఖ

మహారాజశ్రీ స్నార్కెల్ మాస్కు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో, హోటల్ గదిలో నేను క్షేమం. తల కుడివైపు వాల్చినా ఎడమవైపు వాల్చినా ముక్కులోంచి అండమాన్ సముద్రం కొంచెం కొంచెంగా దిండు మీదకు దిగుతూనే ఉంది, అది వేరే సంగతి. అక్కడ చలోంగ్ రేవులో, ఆ నీలం ప్లాస్టిక్ తొట్టిలో, తోటి మాస్కులతో కలిసి మీరూ క్షేమమని తలుస్తాను. మీకేమవుతుంది, సిలికాన్ శరీరం.

ముందే మనవి చేసుకుంటున్నాను, నీళ్ళ మీద తేలుతూ కిందనున్న చేపలను చూద్దామని మిమ్మల్ని తగిలించుకున్న నిన్నటి యాట్ (తెరచాప పడవ) షికారులో మిగతా సంగతుల మీద నాకు పంతం లేదు. 'చిన్న బృందం' అని ప్రకటనలో వేసి, యాట్ ముందుభాగంలో కాళ్ళు చాపుకోవడానికి వంతులు వేసుకునేంత మందిని ఎక్కించారు. పోనిలెమ్మన్నాను. ఎక్కేముందు అందరి చెప్పులూ ఒకే బుట్టలో వేయించుకున్నారు. దిగేటప్పుడు ఆ బుట్ట చుట్టూ జరిగిన తోపులాట చూస్తే అసలు సాహసయాత్ర అదేననిపించింది. పోనిలెమ్మన్నాను. తెరచాప విప్పిన బొమ్మ చూపించి డబ్బు కట్టించుకుని, ఆ తెరచాప మూట ముడి కూడా విప్పకుండా పోనూ రానూ ఇంజను మీదే నడిపారు. అడిగితే గాలి లేదన్నారు. మరి నా టోపీని సముద్రంలోకి ఎగరేసుకుపోయింది ఎవరో చెప్పలేదు. శాకాహారం అన్న ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు కనిపిస్తే, గుడ్డు శాకాహారమేనని మా గైడు చేతులు జోడించి మరీ నచ్చజెప్పాడు. అంత వినయంగా చెప్పేవాడితో వాదించలేక అదీ పోనిలెమ్మన్నాను.

మిమ్మల్ని మాత్రం పోనివ్వలేకపోతున్నాను.

మీరు చేయవలసిన పని ఒక్కటే. మనిషి కన్ను గాలిలో చూడడానికి తయారైంది. నీళ్ళలో కళ్ళు తెరిస్తే కంటి ముందుపొర తన వంతు పని చేయలేదు, అంతా మసకే. కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి నిలిపితే లోకం మళ్ళీ స్పష్టమవుతుంది. ఆ దోసెడు గాలిని పట్టి ఉంచడం కోసమే మీ అద్దం, మీ సిలికాన్ అంచు, మీ పట్టీ, మీ హోదా. చేపలను మీరు తయారు చేయనక్కరలేదు, పగడాలను పెంచనక్కరలేదు, అలలను ఆపనక్కరలేదు. గాలి లోపల, నీళ్ళు బయట. అంతే.

ఈ పనికి మీరు పెట్టిన షరతు ఏమిటో నడిసముద్రంలో తెలిసింది. రాచా యాయ్ ద్వీపం దగ్గర లంగరు వేశారు. అడుగున ఇసుక పైనుంచే కనిపించేంత తేట నీళ్ళు. నారింజరంగు లైఫ్ జాకెట్ బిగించి, మీలో ఉమ్మి, వేలితో రుద్ది, కడిగి (అద్దానికి ఆవిరి పట్టకుండా అలా చేయాలట, ముఖపరిచయమైనా లేనివారిపై ఉమ్మడం నాకు అలవాటు లేని పని, అయినా చేశాను), ముఖానికి తగిలించుకుని దూకాను. ముఖం నీళ్ళలో పెట్టీ పెట్టకముందే ముక్కు కింద చల్లగా ఒక దారం పాకింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ముక్కు మునిగింది, తర్వాత కళ్ళు మునిగాయి. నేనింకా పైనే తేలుతున్నాను. మనిషి మునగకుండా కళ్ళు మాత్రం మునగడం అక్కడే చూశాను. చూశాననడం కూడా అతిశయోక్తే.

పైకి తీసి వంచాను, నీళ్ళు పోయాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ వచ్చాయి. పట్టీ బిగించాను. బిగించిన కొద్దీ ఇంకా ధారాళంగా వచ్చాయి. అప్పుడు గైడు ఈదుకుంటూ వచ్చి, నా ముఖాన్ని డాక్టరు చూసినట్టు చూసి, వేలితో చూపించాడు. మీసం.

మీ అంచు నున్నటి చర్మానికైతే అతుక్కుంటుందట. మధ్యలో వెంట్రుక ఉంటే ప్రతి వెంట్రుక పక్కనా నీటికి ఒక సన్నని కాలువ తెరుచుకుంటుందట. అంటే మా తాతల కాలం నుంచి మగతనానికీ, మాటకూ, పరువుకూ గుర్తుగా పెంచుకుంటూ వస్తున్నది మీ లెక్కలో వట్టి లీకేజీ.

అయ్యా, మిమ్మల్ని తయారు చేసినవారు మా వైపు ఎప్పుడైనా వచ్చారా? బస్సు కండక్టరు మొదలుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టరు దాకా, పెళ్ళిపందిట్లో సన్నాయి వాయించేవారు మొదలుకుని పెళ్ళికొడుకు మేనమామ దాకా, పై పెదవి ఖాళీగా ఉన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా ఊరి పొలిమేరలో ఉన్న పోతురాజుకు తగిలించి చూడండి. ఆయనా మునుగుతాడు.

దీనికి గైడు చెప్పిన మొదటి పరిష్కారం గీసేయడం. యాట్‌లో రేజరు ఉందన్నాడు. నేను మా ఆవిడ వంక చూశాను, ఆవిడ ఆకాశం వంక చూసింది. మీకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను. మా ఇళ్ళలో మగవాడి మీసం తీయడానికి రెండే సందర్భాలు. తండ్రి పోయినప్పుడు ఒకటి, తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్నప్పుడు రెండోది. మా నాన్నగారు నిక్షేపంగా ఉన్నారు, ఈపాటికి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటారు. నేను బోడి పెదవితో విమానం దిగితే ఆయనకు ఏమని చెప్పాలి? చేపలను చూడడం కోసం నాన్నగారూ, అనాలా? ఏడుకొండలవాడికి ఇచ్చుకునేదాన్ని అద్దె మాస్కుకు ఇచ్చి వచ్చానని చెప్పాలా?

రెండో పరిష్కారం వాసెలిన్. పొద్దున యాట్ ఎక్కగానే ఇదే గైడు సన్‌స్క్రీన్ మీద పెద్ద పాఠం చెప్పాడు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటి పదార్థాలున్న క్రీములను థాయ్‌లాండ్ తన జాతీయ సముద్ర ఉద్యానవనాల్లో 2021లో నిషేధించిందని, రాసుకుంటే లక్ష బాట్ల దాకా జరిమానా అని, మనం వెళ్ళేది ఉద్యానవనం కాకపోయినా పగడానికి సరిహద్దులు తెలియవని చెప్పి, మా ఆవిడ ట్యూబును సంచిలో పెట్టించాడు. బాగుంది, ఒప్పుకున్నాను. ఆ నోటితోనే మధ్యాహ్నం వాసెలిన్ డబ్బా మూత తీసి నా మీసానికి పట్టించాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మావాళ్ళు ఊరికే అనలేదు. నా కడుపులో ఉన్నది ఒక పుచ్చకాయ ముక్క. మీసాలకు మాత్రం వేళ్ళ మందాన జిడ్డు.

దానితో కాసేపు ఆగింది, కాదనను. ఆ తర్వాత ఆ జిడ్డు కరిగి లోపలికి జారి మీ అద్దానికి పట్టింది. అంతవరకు నీళ్ళలోంచి మసకగా కనిపించిన సముద్రం ఇప్పుడు నీళ్ళలోంచీ వాసెలిన్‌లోంచీ మసకగా కనిపించింది.

ఇంకొక ప్రశ్న. ఈత కొలనులో పిల్లలు పెట్టుకునే కళ్ళజోడు కళ్ళ వరకే ఉంటుంది, మీసం జోలికి రాదు. మీరెందుకు ముక్కును కూడా లోపలికి లాక్కున్నారు? విచారించాను. లోతుకు దిగేకొద్దీ నీటి ఒత్తిడికి మాస్కు ముఖాన్ని నొక్కేస్తుంది, అప్పుడు ముక్కుతో కాస్త గాలి వదిలి సరిచేసుకోవాలి, అందుకని ముక్కు లోపల ఉండాలట. చాలా మంచిది. కానీ నాకున్నది లైఫ్ జాకెట్. దిగమని ఎవరైనా బతిమాలినా నేను లోతుకు దిగలేను. నా ముక్కుకు మీ ఇంట్లో ఏం పని? ముక్కులోకి నీళ్ళు పోకుండా అని కూడా ఒక కారణం చెప్పారు.

పోయాయి.

ఇదంతా ఒక ఎత్తు, నా బావమరిది ఒక ఎత్తు. అతను మీసం పెంచడు. బెంగళూరులో ఉద్యోగం, ప్రతి ఉదయం ముఖమంతా అద్దంలా నున్నగా గీసుకుంటాడు. మీ జాతివాడే ఒకడు అతని ముఖానికి పుట్టుకతో వచ్చినట్టు అతుక్కున్నాడు. ప్రతి రెండు నిమిషాలకూ తల పైకెత్తి, "బావగారూ, చూశారా? పసుపు నలుపు చారల చేపలు, గుంపు గుంపులు! బావగారూ, అదిగో క్లౌన్ ఫిష్, ఆ సీ అనిమోన్‌లోంచి తొంగి చూస్తోంది! బావగారూ, తాబేలు!" నీళ్ళలో మీ అద్దంలోంచి చూస్తే ఏదైనా అసలుకంటే మూడోవంతు పెద్దగా కనిపిస్తుందని చదివాను. అందుకని అతను చేతులు చాపి చూపించిన తాబేలులోంచి మీ వాటా కింద పావు వంతు తీసేశాను. అతని సొంత కల్పన కింద మిగిలినదాంట్లో సగం తీసేశాను. అయినా ఇంకా పెద్ద తాబేలే మిగిలింది. రాత్రి భోజనాల దగ్గర అది మరికొంచెం పెరిగింది.

ఇక మీకు మర్యాద అనవసరం. విను.

గోదావరి కాలువలో పెరిగినవాణ్ణి నేను. బురదనీళ్ళలో కళ్ళు తెరిచి ఏమీ చూడకుండా ఈదడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అందుకు ఎవరికీ పైసా ఇవ్వలేదు. అదే విద్యను మనిషికి మూడు వేల బాట్ల పైన కట్టించుకుని, విమానంలో రప్పించి, ప్రపంచమంతా ఫొటోలు తీసుకునే నీళ్ళలో నాతో చేయించావు. నా కింద ఒక చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది. నాకు వినిపించింది! నీళ్ళ కింద ఆ కరకర స్పష్టంగా వినిపిస్తుంది. అది పగడపు రాతిని కొరికి, గొంతులోని పళ్ళతో నూరి, నాచు తిని, మిగిలినదాన్ని ఇసుకగా వదులుతుందట. ద్వీపం ఒడ్డున తెల్లటి ఇసుకలో కొంత అదేనట. అంటే ఆ చేపను చూసే భాగ్యం నాకు లేదు గానీ, దాని విసర్జన మీద తువ్వాలు పరుచుకుని హాయిగా కూర్చునే భాగ్యం మాత్రం దక్కింది. దీనికి నువ్వు కాక ఎవరు బాధ్యులు?

ఒక్కోసారి అనిపిస్తుంది, నీకూ ఆ పగడాలకూ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని. ఇక్కడి ఫీ ఫీ దీవుల్లోని మాయా బే అనే చిన్న సముద్రతీరాన్ని 2018లో మనుషులకు మూసేసి 2022 జనవరిలో తెరిచారు. మనం లేని ఆ మూడున్నరేళ్ళలో రెక్కల కొనలు నల్లగా ఉండే షార్కులు తిరిగి వచ్చాయట. ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలు దానికి సెలవే. 2024లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారితే థాయ్‌లాండ్‌లో పలు ఉద్యానవనాలను మళ్ళీ మూశారు. మనుషుల కంటపడకుండా ఉంటేనే వాటికి ఆరోగ్యమని తేలిపోయింది. నువ్వు వాటిని మూయించే ఆ శాఖలో ఉద్యోగివైతే ఆ ముక్క ముందే చెప్పు. గుర్తింపు కార్డు మెడలో వేసుకో. నేనూ గౌరవించి పడవ మీదే కూర్చుని పుచ్చకాయ తినేవాణ్ణి. పగడాలకు మేలు చేస్తున్నావనైనా సరిపెట్టుకునేవాణ్ణి.

సరే, ఒకటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. తిరుగుప్రయాణంలో కోరల్ ఐలాండ్ దగ్గర చివరిసారి దింపారు. అందరూ అలసిపోయారు, బావమరిది కూడా పడవ మీదే ఉన్నాడు. నేను నీ కింది అంచును రెండు వేళ్ళతో నొక్కిపట్టి, పై పెదవిని పళ్ళకు అంటించి, ముఖంలో ఒక్క కండరం కదపకుండా ముఖం నీళ్ళలో పెట్టాను. నీళ్ళు రాలేదు. సరిగ్గా కిందే చిలుక చేప. ఆకుపచ్చ, నీలం, ఆ పొలుసుల అంచున గులాబీరంగు; ఏ బట్టల దుకాణంలోనూ ఆ మేళవింపు నేను చూడలేదు. ముక్కు లాంటి నోటితో పగడాన్ని కరుచుకుని, ఒక కంటితో నా వైపు చూసింది. ఎంత స్పష్టంగా చూపించావు, దాని పళ్ళ మధ్య సందు కూడా కనిపించింది! ఎంత ఆనందమేసిందంటే, నవ్వాను.

నవ్వితే బుగ్గ మడతపడుతుంది. మడతపడితే నీ అంచు లేస్తుంది. లేస్తే నీళ్ళు.

ఉమ్మినా ఓర్చుకున్నావు, వాసెలిన్ పూసినా ఓర్చుకున్నావు, నా సంతోషాన్ని మాత్రం క్షణం కూడా ఓర్చుకోలేకపోయావు. అందుకే చెబుతున్నాను, వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను. మీసంతోనే వస్తాను. ముక్కు కింద సన్నగా ఒక గీత మేరకు తీస్తే సరిపోతుందని ఇక్కడ డైవింగ్ నేర్పేవాళ్ళు కొందరు చెబుతున్నారు. మా ఊరి మంగలితో ఆ ప్రతిపాదన గురించి మాట్లాడతాను. నాన్నగారికి మాత్రం చెప్పను. ఈలోగా నా ముఖానికి సరిపడే, సొంతంగా కొనుక్కున్న మాస్కుతో నీ కళ్ళముందే దూకుతాను. నువ్వు తొట్టిలో కూర్చుని చూస్తూ ఉండు.

ఇట్లు,
మీసానికి ఇంకా జిడ్డు వదలని ఒక యాత్రికుడు

తా.క. రేవులో దిగగానే, పొద్దున ఎప్పుడు తీశారో తెలియని మా ఫొటోలను పింగాణీ పళ్ళేల మీద అచ్చువేసి అమ్మారు. నాది మాత్రం పొద్దుటిది కాదు, నీళ్ళలోంచి పైకి వచ్చినప్పటిది. ముక్కు చుట్టూ నీ అంచు వేసిన ఎర్రటి ముద్ర, తెరిచిన నోరు, జిడ్డు మీసం. ఆ ధర విని నేను పక్కకు తప్పుకున్నాను. బావమరిది బేరం కూడా ఆడకుండా కొన్నాడు. ప్రస్తుతం అది చీరల మధ్య భద్రంగా చుట్టుకుని, మా అత్తగారింటి షోకేసులోకి ప్రయాణానికి సిద్ధంగా ఉంది.