మహారాజశ్రీ అమెరికా డైనరు గారికి

మహారాజశ్రీ డైనరు గారి సముఖమునకు వ్రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. కౌంటరు ముందు స్టూళ్ల మీద కూర్చుని తినే చిన్న హోటలు తమరూ క్షేమమేనని తలుస్తాం. ఈమధ్య తమరు మళ్లీ స్టీలు కోటు తొడిగి, నియాన్ దీపాలు చుట్టుకుని, నలుపు తెలుపు గళ్ల నేల పరిచి, ఏదో షాపింగ్ సెంటర్‌లో కొత్తగా వెలిశారట. చూసినవాళ్లంతా "అబ్బ, అచ్చం పాతకాలపు డైనరే" అంటున్నారు. మా బాధంతా ఆ 'అచ్చం' దగ్గరే. పుట్టిన దగ్గర్నుంచీ తమరు ఎవరో ఒకరి వేషం కడుతూనే ఉన్నారు. అందరి వేషాలూ అయిపోయాక ఇప్పుడు సొంత వేషమే కట్టారు. ఈ ఆలోచన మా పగటివేషగాళ్లకు కూడా తట్టలేదు.

తమ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివా? 1872లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండిలో కూర్చుని, రాత్రిపూట పత్రికాఫీసు పనివాళ్లకు తిండి అమ్మాడు. ఆయన లోపల, తినేవాళ్లు వీధిలో. వానొస్తే వాళ్ల ఖర్మ. 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ బండి పెద్దది చేసి జనాన్ని లోపలికి రానిచ్చాడు. 1893లో న్యూయార్క్‌లో చర్చివారి మద్యనిరోధ సంఘం తమరికి గుడ్లగూబ పేరు పెట్టి సారాకొట్ల మీద పోటీకి దింపింది. అలా సంఘసంస్కర్త వేషం కూడా ఓ మారు కట్టేశారు. తెల్లారాక బండి రోడ్డు మీద కనిపించకూడదని కొన్ని ఊళ్లలో రూల్సు పెట్టేసరికి, పక్కన ఓ జాగా చూసుకుని చక్రాలు వదిలించుకున్నారు. కరెంటు ట్రాములొచ్చి గుర్రపు ట్రాములు మూలపడ్డప్పుడు, ఆ పాతవాటిని కారుచౌకగా కొని కొందరు హోటళ్లు తెరిచారు. ఆ డొక్కు పెట్టెల పుణ్యమా అని తమ పరువు బజారున పడింది.

అప్పుడు పట్టుకున్నారు రైలు వేషం. డైనరంటే పాత రైలుపెట్టేనని నమ్మేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ కోకొల్లలు. ఒకటీ అరా తప్ప తమవాళ్లెవరూ రైలు పట్టాల మీద పరుగెత్తిన పాపాన పోలేదు. కొందరు రైలెక్కిన మాట నిజమే, సరుకుగా. ఫ్యాక్టరీలో తయారై, పెనం, గిన్నెలు, చెంచాలతో సహా కొన్నవాడి స్థలానికి చేరేవారు. తమ నడుము సన్నగా ఉండటానికీ రైలు మీద మోజుకీ సంబంధం లేదు. వంతెనల కిందా ఊరి సందుల్లోనూ పట్టాలి కదా! ఇంకా వెడల్పు కావాలంటే రెండు ముక్కలుగా చేసి, అక్కడికి తీసుకెళ్లి బోల్టులతో బిగించేవారు.

న్యూజెర్సీలో జెర్రీ ఓమహోనీ, న్యూ రోషెల్‌లో ప్యాట్రిక్ టియర్నీ, వూస్టర్‌లో లంచ్ కార్ కంపెనీ ఇలా తమర్ని పోతపోసినట్టు తయారుచేశారు. 1906 నుంచి 1957 దాకా బతికిన ఆ వూస్టర్ కంపెనీ చేసినవి 651. మొదటిదానికే 200 నెంబరిచ్చి 850తో ఆపారు. కొత్త బిల్లు పుస్తకాన్ని ఒకటో నెంబరుతో మొదలుపెట్టని మన కొట్టువాళ్లకు ఈ కిటుకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎంత దెప్పినా, లోపలి అమరిక దగ్గర మాత్రం తమరికి దణ్ణం పెట్టాల్సిందే. కౌంటరు వెనక వంటవాడు ఇటు తిరిగితే పెనం, అటు తిరిగితే ప్లేటు. మధ్యలో నడక లేదు. కాఫీ పాత్ర చేతికందేంత దూరంలోనే ఉంటుంది. స్టూలు కాలు నేలలోకి బిగించి, సీటు మాత్రం తిరిగేలా చేశారు. కుర్చీ లాగే చప్పుడుండదు, నడిచే దారికి అడ్డం రాదు, ఎవడూ ఎత్తుకుపోలేడు. నేల టైల్స్ కౌంటరు అడుగుదాకా పైకి ఎక్కుతాయి కాబట్టి తడిగుడ్డకు మూల దొరకదు. పెనం మీంచి లేచిన నూనె ఆవిరి పేరుకోకుండా కప్పును కూడా వంపు తిప్పి, తుడిస్తే పోయే రేకు వేశారు. వంటవాడి వెనక స్టీలు మీద ఆ సూర్యకిరణాలు, డైమండ్ గళ్లు సోకుకే అనుకుంటారు జనం. పల్చటి రేకును నున్నగా వదిలేస్తే వెలుతురు పడ్డప్పుడు అలలు అలలుగా కనిపిస్తుంది, ప్రతి సొట్టా ప్రతి వేలిముద్రా బయటపడుతుంది. మడతల ముద్ర వేస్తే రేకు బిగుస్తుంది, మరకలూ దాక్కుంటాయి.

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉండే మన శాకాహారులకు మధ్యలో ఒక మాట. ఆ పెనం ఒక్కటే. హాష్ బ్రౌన్స్ అంటే బంగాళదుంప తురుమే కదా అని నిశ్చింతగా ఆర్డరిస్తారు. అంతకుముందు అక్కడే బేకన్, అంటే పందిమాంసం ముక్కలు, వేగి ఉంటుంది. గీకుడు గరిటెతో కొవ్వును పక్కకు తోస్తారు, అంతే మడి.

ఇక తమ పింగాణీ చర్మం సంగతి. ఉక్కు రేకు మీద గాజుపొడి పూత వేసి సుమారు 800 డిగ్రీల వేడిలో కాలిస్తే ఆ రంగు ఎండకు వెలవదు, వానకు కారదు. వూస్టర్ వాళ్లు హోటలు పేరును కూడా వంకీల అక్షరాలతో అందులోనే కాల్చేవారు. ఎంత అందమో అంత తంటా. హోటలు చేతులు మారితే పాత యజమాని పేరు గోడ మీద అలాగే కూర్చుంటుంది. రంగు కొట్టి మాపుదామంటే గాజు మీద రంగు నిలవదు. పోనీ కొత్త బోర్డు తగిలిద్దామని డ్రిల్లు పెడితే చిల్లు చుట్టూ పూత పెచ్చులూడుతుంది. అక్కణ్ణుంచి చెమ్మ లోపలికి దూరి, తుప్పు పూత అడుగునే పాకుతుంది. పైకి గోరంత మచ్చ, లోపల అరచేతంత చిల్లు. కారు పెయింటుతో అతుకేస్తే పగటి వెలుతుర్లో పట్టుబడుతుంది.

1920ల్లో ఆడవాళ్లు కూడా రావాలని ఎదురెదురు సోఫా సీట్ల బూత్‌లు పెట్టి, కిటికీల కింద పూలకుండీలు వేలాడదీసి, 'లేడీస్‌కు టేబుళ్లున్నాయి' అని గోడ మీద రాయించుకున్నారు. సంసారి వేషం. బాగానే నప్పింది.

1934లో బర్లింగ్టన్ జెఫిర్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు రైలు దూసుకెళ్లేసరికి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు తమరికీ వేగం పిచ్చి పట్టింది. మసాచుసెట్స్‌లో ఖరీదైన కార్లకు బాడీలు కట్టే జడ్కిన్స్ కంపెనీ, రోలాండ్ స్టిక్నీ గీసిన నమూనాతో స్టెర్లింగ్ స్ట్రీమ్‌లైనర్లు దింపింది. గాలిని చీల్చేలా గుండ్రటి ముక్కు, వెనక్కి దువ్విన గీతలు. వేగం గంటకు సున్నా మైళ్లు. అయినా రోడ్ ఐలాండ్‌లోని పొటకెట్‌లో ఉన్న 1941 నాటి మోడర్న్ డైనర్‌ను చూస్తే నవ్వు ఆగిపోతుంది, అంత సొగసు. 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. డైనర్లలో అదే మొదటిది.

హాంబర్గర్ చైన్లు వచ్చాక, 1960ల్లో, స్టీలంటే తమరికే సిగ్గేసింది. ఇటుక ముఖం, బ్రిటిష్ వలసపాలన కాలపు దీపాలు, మధ్యధరా కమానులు, నెత్తిన నిట్రంగా వాలిన మాన్సార్డ్ కప్పు. తమ చరిత్రలో ఇంత అవివేకం ఇంకోటి లేదు. మెరిసే రేకుల్లోకి మేకులు దిగ్గొట్టి ఆ కప్పును తగిలించారు. చిల్లుల్లోంచి నీరు కారి, పాత బండ్లలో కొయ్య దూలాల దాకా చేరింది. అడుగు చట్రం కుళ్లితే తలుపులు బిగుసుకుంటాయి, టైల్స్ వరసగా పగులుతాయి. టైల్స్ మార్చి లాభం లేదు, ముందు చట్రం ఎత్తి చూడాలి.

చక్రాలు పోయినా ప్రయాణాలు మానారా, అదీ లేదు. 2007లో మన్‌హట్టన్‌లోని మూన్‌డ్యాన్స్ డైనర్‌ను లారీ మీద వయోమింగ్‌లోని లాబార్జ్‌కు తీసుకెళ్లారు. ఆ చలికాలమే మంచు బరువుకు కప్పు కొంత కూలింది. గ్యాసు, నీళ్లు, డ్రైనేజీ విడదీసి, జాకీలతో ఎత్తి, దారి పొడుగునా వంతెనల ఎత్తు కొలిస్తే పని సగమే అయినట్టు. దిగే ఊళ్లో ఎంత మంచు పడుతుందో కప్పుకు ముందే లెక్క కట్టాలి.

కాబట్టి కొత్త అవతారం గారూ, ఇది తమరికే. బయట స్టీలు ముఖానికి మాత్రమే, పక్కకు వెళ్తే సిమెంటు గోడ. లోపల కప్పు బల్లపరుపు, ఆఫీసుల్లో వేసే పలకలు. స్టూళ్లున్నాయి గానీ ఎదురుగా పెనం లేదు, మిల్క్‌షేక్ మిషనుంది. వంట ఎక్కడో గోడ వెనక. ముక్కలు కలిపిన అతుకు కప్పులోనూ లేదు, నేలలోనూ లేదు. తలుపు పైన తయారీదారు పేరున్న చిన్న రేకు కోసం వెతికాం, అక్కడ సీసీ కెమెరా ఉంది.

జవాబు రాసేటప్పుడు తమరు ఏ ఫ్యాక్టరీవారో, ఎన్నో నెంబరువారో కవరు మీద రాయగలరు. నెంబరు లేకపోతే ఏ కేటలాగులో ఎన్నో పేజీలో దొరికారో రాసినా సరే.

ఇట్లు,
కౌంటరు చివరి స్టూలు మీది విధేయులు