గేటు ఊడితే గోడ మీద పడి ఏడుస్తారేం?

ఎర్ర లైటు బొమ్మలు నాలుగు, వాటి కింద "తుంగభద్ర ఒడ్డున ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి" అని హుకుం. ఈ మెసేజ్ 2024 ఆగస్టులో, కర్ణాటకలోని హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పుట్టింది. అప్పుడంటే భయంలో పంపుకున్నారు, పోనీలే అనుకున్నా. కానీ వానలు మొదలైతే చాలు, అది మళ్లీ లేస్తోంది. ఈసారి పంపింది సివిల్ ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: డ్యామ్‌కు 70 ఏళ్లు దాటాయి, ఆయుష్షు తీరింది. సిమెంటు లేకుండా సున్నంతో కట్టారు, తుమ్మితే ఊడే ముక్కులా ఉంది. అది పోతే శ్రీశైలం, సాగర్ వరసగా పోతాయి. గేటు ఊడటం వెనక కర్ణాటక కుట్ర ఉంది. ఒక్క ఎండాకాలం పూడిక తీస్తే 30 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు) మిగులుతాయి, ఎవరూ తీయరు. గేటు పోతే అడ్డం పెట్టడానికి స్టాప్‌లాగ్, అంటే తాత్కాలికంగా దించే ఇనుప పలక, కూడా లేదు. కాబట్టి పాత డ్యామ్ రిపేర్లకు పైసా ఖర్చు పెట్టొద్దు, కొత్తది కట్టాలి.

కుట్ర సంగతి ముందే తేల్చేద్దాం, దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. తుంగభద్ర ప్రాజెక్టు కేటాయింపుల్లో కర్ణాటక వాటా దాదాపు 139 టీఎంసీలు, ఆంధ్రప్రదేశ్‌ది 66.5, రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కింద తెలంగాణది ఆరున్నర. అనంతపురం మీద కోపంతో తన సొంత ఆయకట్టును ఎండబెట్టుకునేవాడు కుట్రదారు ఎలా అవుతాడు? పైగా డ్యామ్‌ను నడిపేది తుంగభద్ర బోర్డు. అందులో మన ఇంజనీర్లూ ఉంటారు.

"ఒక్క గేటు పోతే మిగతావి కూడా ఎందుకు ఎత్తారు?" అని ఆ కుట్రకే ఒక తోక. గేటు లేని చోట స్టాప్‌లాగ్ దించాలంటే నీటిమట్టం తగ్గాలి, ఒత్తిడి తగ్గాలి. అందుకు ఎత్తారు. అప్పటికే శ్రీశైలం, సాగర్ నిండుగా ఉన్నాయి కాబట్టి ఆ నీళ్లకు కింద కూడా పెద్దగా చోటు లేదు, చాలావరకు సముద్రం దారి పట్టాయి. ఆ బాధ నాకూ ఉంది. బాధకూ కుట్రకూ తేడా ఉంది.

ఇక సున్నం. "సిమెంటు లేని డ్యాములు దేశంలో రెండే, ముల్లపెరియార్, తుంగభద్ర" అట. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్‌ను ఏంతో కట్టారనుకుంటున్నారు? అదీ సుర్కీయే, అంటే కాల్చిన ఇటుకల పొడి కలిపిన సున్నం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. ఆ చెరువుకు సిమెంటు బస్తాలు ఏ కంపెనీ పంపిందో మెసేజ్ రాసినాయన చెప్పాలి. సుర్కీకి ఉన్న అసలు సమస్య వేరు. గోడలో ఊట ఎక్కువైతే సున్నం మెల్లగా కరిగి నీళ్లతో బయటికి వస్తుంది. అందుకే ఊట నీళ్లు కొలుస్తూ ఉండాలి, డ్రైన్ రంధ్రాలు పూడకుండా చూడాలి, అవసరమైన చోట గ్రౌటింగ్ చేయాలి, అంటే సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించాలి. ఇవన్నీ రిపేరు పనులే. మెసేజ్ పైసా ఖర్చు పెట్టొద్దన్న పనులే!

శ్రీశైలం, సాగర్ వరసగా కూలడం అనే ముక్క మా అమ్మకు నిద్ర లేకుండా చేసింది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను. గోడ పైభాగంలో ఉండే క్రస్ట్ గేటు ఎత్తు 20 అడుగులు. డ్యామ్ నిండు మట్టం 1,633 అడుగులు. గేటు పూర్తిగా లేకపోయినా 1,613 అడుగుల కింద ఉన్న నీళ్లను రాతి గోడే ఆపుతుంది. గేటు పోతే పోయేది పైనున్న నీళ్లే, అవీ ఒకేసారి కాదు. ఆ రాత్రి 19వ గేటు నుంచి పోయింది సుమారు 35 వేల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు). మిగతా గేట్లు ఎత్తాక అన్నీ కలిపి లక్ష. శ్రీశైలానికి 2009 అక్టోబరులో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండు మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాకా ఎక్కాయి. అయినా డ్యామ్ నిలిచింది. కర్నూలు మునిగింది. ఏ డ్యామూ తెగకుండానే మునిగింది. కర్నూలు వాళ్ల భయాన్ని నేను ఎగతాళి చేయను. తుంగభద్ర గోడ నిజంగా తెగితే మంత్రాలయం నుంచి కర్నూలు దాకా నది ఒడ్డున ఉన్న ఊళ్లకు అది ప్రళయమే. కానీ గేటు ఊడటాన్నీ గోడ తెగటాన్నీ ఒకే గాటన కట్టి జనాన్ని అర్ధరాత్రి లేపి పరుగెత్తించడం పాపం.

పూడిక లెక్క చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. కట్టినప్పుడు డ్యామ్‌లో దాదాపు 133 టీఎంసీలు పట్టేవి, ఇప్పుడు 105.8. అంటే 27 టీఎంసీల చోటును మట్టి తినేసింది. ఇంతవరకు నిజం. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 27 టీఎంసీల మట్టి 76 కోట్ల ఘనపు మీటర్లు. టిప్పరు ఒక ట్రిప్పుకు 10 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 7.6 కోట్ల ట్రిప్పులు. వెయ్యి టిప్పర్లు పెట్టి, రోజుకు పదేసి ట్రిప్పులు తిప్పి, ఏటా 90 రోజులు పనిచేస్తే 80 ఏళ్లు దాటుతుంది. ఆ మట్టిని ఒక మీటరు మందాన పరిస్తే దాదాపు 1,90,000 ఎకరాలు కావాలి. ఎవరి పొలంలో పోద్దాం? మెసేజ్ ఫార్వర్డ్ చేసిన వాళ్లు తమ సర్వే నంబర్లు ఇస్తే మొదలుపెట్టొచ్చు.

అసలు విషం మాత్రం చివరి ముక్కలో ఉంది. "70 ఏళ్లు దాటింది, ఇక రిపేర్లు దండగ." తలుపు ఊడిందని ఇల్లు పడగొట్టుకుంటామా? ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2021లో ఇచ్చిన నివేదికను ఇందుకు సాక్ష్యంగా చూపిస్తున్నారు. పెద్ద డ్యాములకు 50 ఏళ్లు వచ్చాయంటే కన్నేసి ఉంచాలని అందులో ఉంది. 51వ ఏట కూలతాయని లేదు.

వయసే కారణమైతే మన దగ్గర జరిగినవి ఒకసారి చూడండి. పులిచింతలలో నీళ్లు నింపడం మొదలైంది 2013లో. 2021 ఆగస్టు 5న దాని 16వ గేటు కొట్టుకుపోయింది. ఎనిమిదేళ్ల డ్యామ్ అది! గుండ్లకమ్మ ప్రాజెక్టు 2008లో జాతికి అంకితమైంది. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరు తుపానులో ఇంకో గేటు పోయాయి. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ 2021 నవంబరు 19న తెగి పదుల సంఖ్యలో జనాన్ని బలి తీసుకుంది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, వచ్చిన వరద అన్నమయ్య గేట్ల సామర్థ్యాన్ని మించింది, నిజమే. కానీ ఉన్నవి ఐదు గేట్లే, వాటిలో ఒకటి అంతకు ముందు నుంచే పనిచేయడం లేదు. వీటన్నిటికన్నా ఎంతో పాతదైన, తెలంగాణలోని కడెం ప్రాజెక్టు మీదుగా 2022 జూలైలో వరద పొంగి పారింది, అయినా నిలిచింది. అక్కడా జనం ఊపిరి బిగబట్టింది పైకి లేవకుండా మొరాయించిన గేటు గురించే.

వీటిలో ఏది ముసలిదయ్యి పోయింది చెప్పండి? తుంగభద్రలో తెగింది గొలుసు. గ్రీజు, తుప్పు, రబ్బరు సీళ్లు, వైరు రోప్, మోటారు, జనరేటరు, రాత్రి డ్యూటీలో గేటు ఎత్తడం తెలిసిన ఒక మనిషి. డ్యాము భద్రతలో సగం ఈ చిల్లర సరుకే. దీనికి శిలాఫలకాలు ఉండవు, రిబ్బన్లు కత్తిరించరు. కొత్త డ్యామ్ అంటే టెండరు ఉంటుంది, భూమిపూజ ఉంటుంది. రిపేరు దండగ అనే మాట ఎవరికి తియ్యగా వినిపిస్తుందో ఆలోచించండి. జనమే ఆ మాట అంటుంటే, మెయింటెనెన్స్ బిల్లు మీద సంతకం పెట్టకుండా పక్కన పెట్టే వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

స్టాప్‌లాగ్ గురించి మెసేజ్ అన్నది మాత్రం నిజం. నూటికి నూరుపాళ్లు నిజం. 2024లో క్రస్ట్ గేటు పోయినప్పుడు దించడానికి డ్యామ్ దగ్గర సిద్ధంగా ఏమీ లేకపోయింది. అప్పటికప్పుడు ఫ్యాక్టరీల్లో ఐదు ముక్కలు చేయించి, రిటైర్డ్ ఇంజనీరు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి దించారు. వారం పట్టింది. ఆ పని చూసి మనమంతా చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ ఆ వారం అంతా ఒక పెద్దాయన అనుభవం మీద మూడు రాష్ట్రాల నీళ్లు ఆధారపడి ఉండటం గర్వపడాల్సిన విషయం కాదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. గోడకు ఏమోగానీ గేట్లకు వయసు ఉంటుంది. 2024 నాటికి ఆ 33 గేట్లు డ్యామ్ కట్టిన నాటివే. వాటిని మార్చాలన్న నిర్ణయం ఒక గేటు కొట్టుకుపోయాక గానీ రాలేదు.

డ్యామ్ భద్రత చట్టం 2021లోనే వచ్చింది. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయడం దాని ప్రకారం తప్పనిసరి. ఫార్వర్డ్ కొట్టే వేలితోనే ఆ తనిఖీలో ఏం తేలిందని మీ ఎమ్మెల్యేను అడగొచ్చు. ఎందుకంటే 2025 వానాకాలంలో డ్యామ్‌ను 80 టీఎంసీలకు మించి నింపకూడదన్నారు. గేట్లు మార్చాలి కాబట్టి రెండో పంటకు నీళ్లు లేవన్నారు. 105 పట్టే చోట 80. ఆ 25 టీఎంసీలను ఏ పూడికా మింగలేదు, ఏ రాష్ట్రమూ ఎత్తుకుపోలేదు. గేట్ల మీద నమ్మకం లేక వదులుకున్న నీళ్లవి.