ఒకటి నొక్కండి బాబాయి గారూ

మా మావయ్యకి గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అందులో నాది కంప్యూటర్ చూసుకునే ఉద్యోగం. అంటే ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, టాలీ తెరుచుకోకపోయినా, మా అత్తయ్య ఫోన్‌లో పెళ్లి ఫొటోలు మాయమైనా నేనే పరిగెత్తాలి. మొన్న శనివారం జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది కాబట్టి, ముందు కథంతా గబగబా చెప్పేస్తాను.

మా దగ్గర కాటాకి ఒక సాఫ్ట్‌వేర్, గేట్‌పాస్‌కి ఇంకొకటి, లెక్కలకి టాలీ, ఈ-వే బిల్లుకి ప్రభుత్వ పోర్టల్, రైతుకి ఎస్ఎంఎస్, సరుకు దాచినట్టు మేమిచ్చే బాండు మీద రైతుకి అప్పిచ్చిన బ్యాంకుకి మెయిల్. ఒకదాని ముఖం ఒకటి చూడదు. సీజన్‌లో సాయంత్రంపూట నెట్ పోయిందంటే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, మా గుమస్తా గారు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చేత్తో ఎక్కిస్తారు. మధ్యలో ఒక మెసేజ్ క్యూ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. కాటా దగ్గర పుట్టిన సమాచారాన్ని అది పట్టుకుని కూర్చుంటుంది, టాలీ లేచినప్పుడు టాలీకి, పోర్టల్ లేచినప్పుడు పోర్టల్‌కి అందిస్తుంది. మధ్యలో ఎవరు పడుకున్నా సమాచారం పోదు.

ఏది కొనాలో చూడరా అన్నాడు మావయ్య. చూశాను. ర్యాబిట్‌ఎంక్యూ అనే క్యూ సాఫ్ట్‌వేర్ 2007 నుంచి ఉంది, ఉచితంగా దొరుకుతుంది, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ వాళ్లు తయారు చేసుకున్న ఎర్లాంగ్ భాషలో రాసింది కాబట్టి గట్టిదే. కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, సెకనుకి లక్షల సంఘటనలు మింగగలదు, కానీ మా కాటా మీదికి ఎంత సీజనైనా గంటకి పాతిక లారీలు ఎక్కవు. ఐబీఎం వాళ్ల ఎంక్యూ 1993 నాటిది, పెద్ద పెద్ద బ్యాంకులు వాడేది, మన స్థాయి కాదు. అమెజాన్ వాళ్ల క్లౌడ్‌లోనే నడిచే క్యూ ఎస్‌క్యూఎస్ అయితే నెలకి మొదటి 10 లక్షల రిక్వెస్టులు ఉచితం, హైదరాబాద్‌లో వాళ్ల క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, 2022లోనే మొదలైంది. ఇక మ్యూల్‌సాఫ్ట్, బూమి లాంటివి అన్ని సాఫ్ట్‌వేర్లనీ కలిపి కుట్టే ఖరీదైన సరుకు. మ్యూల్‌సాఫ్ట్ కంపెనీని సేల్స్‌ఫోర్స్ వాళ్లు 2018లో సుమారు 650 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారని చెబితే, మావయ్య ఒక్క నిమిషం ఆగి, "మనం కొనేది కూడా అదేనా?" అన్నాడు.

ర్యాబిట్‌ఎంక్యూ గానీ ఎస్‌క్యూఎస్ గానీ మనకి చాలు, మిగతా తీగలు నేనే కలుపుతాను అని ఒక పేజీ రాసిచ్చాను. ఆ పేజీ మీద మావయ్య టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఇంట్లో వాడు ఊరికే చెప్పిన మాటకి విలువ ఉండదు, అదే మాట హైదరాబాద్ నుంచి కోటు వేసుకుని వచ్చి లక్షల్లో చెప్పాలి. అలాగే చెప్పే కంపెనీ ఒకటి క్లబ్బులో ఎవరో సిఫారసు చేశారు. పేరు రాయను, ఆ కంపెనీ నుంచి శనివారం పొద్దున్నే ఒక కుర్రాడు దిగాడు. గుంటూరు ఎండలో నిజంగానే కోటు. మిర్చి ఘాటుకి లోపలికి వస్తూనే ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య "గ్యారంటీడ్ డెలివరీ సార్" అన్నాడు. మావయ్యకి ఆ మాట బాగా నచ్చింది.

నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. మెసేజ్ రెండుసార్లు వెళ్తే ఏంటి పరిస్థితి అని. "బేసికల్లీ సార్, కనీసం ఒక్కసారి కచ్చితంగా చేరుతుంది, అది మా హామీ" అన్నాడు. నేను అడిగింది అది కాదు. మళ్లీ అడిగాను. ఇంకో స్లయిడు చూపించాడు, అందులో ఒక మేఘం, మేఘం చుట్టూ బాణాలు. గుమస్తా గారు కూడా కలగజేసుకుని, "గేట్‌పాస్ నంబరు చూసుకోదా బాబూ అది? నేను లెడ్జర్‌లో టిక్కు కొట్టిన నంబరు మళ్లీ వస్తే పక్కన పడేస్తాను" అన్నారు. పెద్ద కంపెనీలు దీన్నే ఐడెంపొటెన్సీ అని పిలిచి పాఠాలు చెబుతాయి, మా గుమస్తా గారు ఎర్ర పెన్నుతో చేస్తారు. "అది ఫేజ్ టూలో వస్తుంది సార్" అన్నాడు కుర్రాడు.

సరే, డెమో. ఉత్తుత్తి నంబరు పెడితే మజా ఉండదు, నిజమైన కస్టమర్ నంబరు ఇవ్వండి అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మావయ్య తన వియ్యంకుడి నంబరు చదివేశాడు, నేను బాబాయి గారూ అని పిలిచేది ఆయన్నే. మా చాంబర్లలో ఆయనవి 300 టిక్కీల, అంటే బస్తాల, తేజ రకం మిర్చి ఉన్నాయి, దాని మీద బ్యాంకులో అప్పు ఉంది. మన కోల్డ్ స్టోరేజీ ఎంత ముందుకెళ్లిందో బావగారికి తెలియాలని మావయ్య ముచ్చట. కుర్రాడు గేట్‌పాస్‌లో 120 టిక్కీలు అని కొట్టి బటన్ నొక్కాడు. బ్రాడీపేటలో బాబాయి గారి ఫోన్‌కి ఎస్ఎంఎస్ వెళ్లింది: "మీ సరుకులో 120 టిక్కీలు విడుదల చేయబడినవి." వెనకాలే ఒక ఆటోమేటిక్ కాల్ వెళ్లింది, అదే విషయం ఒక ఆడగొంతు చదివి, చివర్న "అంగీకరిస్తే ఒకటి నొక్కండి" అంటుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను, ఆ సంగతి ఇక్కడ రాసుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఈ క్యూ బుద్ధి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది నమ్మరు. క్యూ ఒక మెసేజ్‌ని పనిచేసేవాడికి ఇచ్చినప్పుడు తన దగ్గర చెరిపేయదు, కాసేపు దాచిపెడుతుంది. పని అయిందని రసీదు వస్తేనే చెరుపుతుంది. గడువులోగా రసీదు రాకపోతే, పనిచేసేవాడు మధ్యలోనే చచ్చిపోయాడనుకుని మళ్లీ బయటికి తీస్తుంది. ఎస్‌క్యూఎస్‌లో మామూలుగా ఆ గడువు 30 సెకన్లు, కావాలంటే 12 గంటలదాకా పెంచుకోవచ్చు. ఈ కుర్రాడు తెచ్చినదాంట్లోనూ 30 సెకన్లే ఉంది. రసీదు ఎప్పుడొస్తుంది? బాబాయి గారు కాల్ ఆసాంతం విని ఒకటి నొక్కినప్పుడు.

బాబాయి గారు ఎందుకు నొక్కుతారు? ఆయన సరుకు ఆయనకి తెలియకుండా బయటికి వెళ్తే, దానికి అంగీకారం చెప్పమంటోంది ఎవరో ఆడమనిషి. ఠక్కున కట్ చేశారు. రసీదు రాలేదు. అర నిమిషం తర్వాత మళ్లీ ఎస్ఎంఎస్, మళ్లీ 120 టిక్కీలు, మళ్లీ కాల్. ఆయన మళ్లీ కట్ చేశారు. మూడో మెసేజ్‌కి ఆయన సరుకంతా అయిపోయి 60 టిక్కీలు మాకే బాకీ పడ్డారు. ఆయన లెక్కల్లో గట్టివారు, నోటితోనే కూడుకుంటూ పోయారట. మావయ్యకి ఫోన్ చేశారు. మావయ్యతో మాట్లాడుతుంటే ఆయన ఫోన్ ఎంగేజ్, కాబట్టి ఆటోమేటిక్ కాల్ ఆయనకి కలవదు, కలవలేదు కాబట్టి రసీదు రాదు, రాలేదు కాబట్టి ఎస్ఎంఎస్‌తో సహా మళ్లీ మొదలు. అంటే ఆయన మమ్మల్ని తిడుతున్నంతసేపూ మెసేజ్‌లు ఆగవు, మెసేజ్‌లు ఆగనంతసేపూ ఆయన తిట్లు ఆపరు. ఇంత పకడ్బందీ ఏర్పాటు కావాలని చేద్దామన్నా కుదరదు.

"బావగారూ, అది ఉత్తుత్తిదండీ" అంటాడు మావయ్య. "ఉత్తుత్తి అయితే నా పేరు, నా బాండు నంబరు ఎందుకున్నాయండీ?" అంటారు ఆయన. ప్రశ్న సబబుగానే ఉంది. గుమస్తా గారు లేచి వెళ్లి వైఫై వైరు పీకేశారు. ఏమీ ఆగలేదు, ఎందుకంటే మెసేజ్ మా దగ్గర లేదు, క్లౌడ్‌లో ఉంది. అప్పటిదాకా కుర్రాడు చెప్పిన గొప్పల్లో నిజమని తేలింది అదొక్కటే: మీ దగ్గర కరెంటు పోయినా, నెట్ పోయినా, ఆఫీసే కూలిపోయినా డెలివరీ ఆగదు.

ఆపవయ్యా అన్నాం. కుర్రాడు కోటు విప్పాడు. క్యూని ఖాళీ చేసే అధికారం తనకి లేదట, అది బెంగళూరులో క్లౌడ్ టీమ్ దగ్గర ఉంటుందట, శనివారం వాళ్లకి సెలవట, ఫిర్యాదు టికెట్ వేశాడట. మామూలుగా ఇలాంటివాటికి ఇన్నిసార్లు ప్రయత్నించి వదిలేయి అని ఒక పరిమితి పెడతారు, అది దాటినవి డెడ్ లెటర్ క్యూలోకి వెళ్లి పడుంటాయి, తర్వాత మనిషి తీరిగ్గా చూసుకుంటాడు. అది పెట్టారా అని అడిగాను. "గ్యారంటీడ్ డెలివరీ కదా సార్, పరిమితి తీసేశాం" అన్నాడు. మరి ఎప్పటికి ఆగుతుంది? లాప్‌టాప్‌లో వెతికి, ముఖం కాస్త విప్పారి, "ఏం కంగారు లేదు సార్, నిల్వ గడువు 14 రోజులే పెట్టాం, ఆ తర్వాత దానంతటదే పోతుంది" అన్నాడు.

కారు తీసి నన్ను బ్రాడీపేట తోలారు. ఎందుకు నన్నే అని అడగడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. కుర్రాణ్ణి పంపొచ్చు కదా? అతనికి టీ తెప్పించారు, అతిథి కదా.

బాబాయి గారి ఇంటి హాల్లో అప్పటికే ఒక సభ జరుగుతోంది. ఆయన ఫోన్ టీపాయ్ మీద, గాజు ప్లేటులో, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు పెట్టి ఉంది. చుట్టూ ఇద్దరు పక్కింటివాళ్లు, ఎవరో మేనత్త, తెల్లచొక్కా వేసుకున్న ఒక లాయరు గారు. లాయరు గారు అప్పటికే సలహా ఇచ్చి కూర్చున్నారు: ఎట్టి పరిస్థితుల్లోనూ ఒకటి నొక్కొద్దు. నేను వెళ్లింది ఒకటి నొక్కించడానికి.

"బాబాయి గారూ, ఒక్కసారి ఒకటి నొక్కండి, ఆగిపోతుంది" అన్నాను.

"నొక్కితే నేను ఒప్పుకున్నట్టే కదయ్యా?"

"క్యూకి మాత్రమే ఒప్పుకున్నట్టండీ. రసీదు."

"రసీదే కదా అసలు సమస్య" అన్నారు లాయరు గారు, ఎంతో ఆనందంగా.

అప్పుడు నేను, ఎంసీఏ చదివిన మనిషిని, మేనత్త గారు నా వంక జాలిగా చూస్తుండగా, ఆ హాల్లో నిలబడి పంపడానికీ అందడానికీ, అందడానికీ ఒప్పుకోవడానికీ తేడా ఏంటో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఫోన్ మోగినప్పుడల్లా ఆగాల్సి వచ్చేది. ఆడగొంతు "ఒకటి రెండు సున్నా టిక్కీలు" అని విడివిడిగా చదివేది, పక్కింటాయన వేళ్లు మడిచి ఇప్పటికి మొత్తం ఎంతయిందో చెప్పేవాడు. ఎనిమిది వేలు దాటాయి. మిర్చి బాకీలో ఆ వీధిలో బాబాయి గారిని కొట్టేవాడు లేడు. ఒక పిల్లవాడు ఐస్‌క్రీమ్ తింటూ వచ్చి, "నేను నొక్కనా తాతయ్యా?" అని అడిగాడు. నలుగురు పెద్దవాళ్లు ఒక్కసారిగా "వద్దు" అని అరిచారు. వాడు ఏడ్చాడు. దానికీ నా వంకే చూశారు.

ఎలాగోలా నొక్కారు. ఎలాగో అడక్కండి, నా చేత తెల్లకాగితం మీద ఏదో రాయించుకున్నాక. ఫోన్ "ధన్యవాదాలు" అంది. నిశ్శబ్దం. కాఫీ తెచ్చారు.

కాఫీ సగం తాగేసరికి బ్యాంకు మేనేజరు గారు ఫోన్ చేశారు, బాబాయి గారికి. తాకట్టులో ఉన్న సరుకు, మా రిలీజ్ ఆర్డర్ లేకుండా 120 టిక్కీలు బయటికి ఎలా వదిలారు, పైగా మీరే అంగీకారం ఇచ్చినట్టు ఇప్పుడే మెయిల్ వచ్చింది అని. రసీదు అందింది కదా, క్యూ తన పని తాను చేసుకుంటూ టాలీలో ఎంట్రీ వేసింది, బ్యాంకుకి మెయిల్ కొట్టింది. అవి మాత్రం మొదటిసారికే చేరాయి. లాయరు గారు ఏమీ అనలేదు, నా కాఫీ కప్పు వైపు చూశారు.

సోమవారం ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. టికెట్ మూసేశారు, కారణం "కస్టమర్ వైపు నుంచి రసీదు ఆలస్యం". కింద డెమో రిపోర్టు: పంపిన మెసేజ్‌లన్నీ నూటికి నూరు శాతం చేరాయి. దాని కింద కొటేషన్. ఈ ఏడాది అద్దె వియ్యంకుడికి వదులుకున్నాక కూడా మావయ్య కళ్లజోడు పెట్టుకుని దాన్ని ఒక్కో లైనే చదువుతున్నాడు.

"చేరడం మాత్రం చేరాయి కదరా" అన్నాడు. "ఫేజ్ టూకి వేరే డబ్బులంటాడా?"