బ్లా బ్లా బ్లా లైబ్రరీ

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన లైబ్రరీని డెబియన్ అనే లినక్స్ వ్యవస్థకు ప్యాకేజీగా మార్చడానికి డీహెచ్-మేక్-పెర్ల్ అనే పనిముట్టు ఉంది. లైబ్రరీ పేరు చెబితే చాలు, పెర్ల్ లైబ్రరీల గిడ్డంగి అయిన సీప్యాన్ నుంచి దించుకుంటుంది. పేరుకు ముందు ‘లిబ్’, వెనక ‘పెర్ల్’ తగిలిస్తుంది. కంట్రోల్, రూల్స్, కాపీరైట్, చేంజ్‌లాగ్ ఫైళ్లన్నీ తానే రాసేస్తుంది. మనిషికి మిగిలేది ఎంటర్ నొక్కడమే.

ప్యాకేజీ వర్ణన కూడా అదే రాస్తుంది, లైబ్రరీ డాక్యుమెంటేషన్ నుంచి ఎత్తి. చిక్కంతా అక్కడే వచ్చింది. నేను ప్యాకేజీ చేయబోయిన లైబ్రరీ రచయిత హెచ్‌టూఎక్స్ఎస్ అనే పాత పనిముట్టుతో పని మొదలుపెట్టారు. అది ఇచ్చే నమూనా డాక్యుమెంటేషన్‌లో ‘బ్లా బ్లా బ్లా కోసం పెర్ల్ ఎక్స్‌టెన్షన్’ అని ఉంటుంది. దాని కిందే, ఈ నమూనాను మార్చకుండా వదిలేసేంత నిర్లక్ష్యం రచయితది అని ఒక చురక! ఆయన ఆ చురకనూ మార్చలేదు. యంత్రం దాన్ని భక్తిగా వర్ణనలోకి ఎక్కించి, ఈ వర్ణనను తానే సేకరించానని చివర సంతకం కూడా పెట్టింది.

డెబియన్ ప్యాకేజీల్లో తప్పులు పట్టే లింటియన్‌లో సరిగ్గా ఆ సంతకాన్ని పట్టుకోవడానికే ఒక హెచ్చరిక ఉంది. ఒక యంత్రం గర్వంగా సంతకం చేస్తుంది, ఇంకొకటి ఆ సంతకం చూసి కేకలు వేస్తుంది. తీర్పు చెప్పాల్సిన మనిషి మాత్రం అసలీ లైబ్రరీ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కోడంతా చదవాలి. చదివితే తేలింది: తేదీలను ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారుస్తుంది, అంతే.

సరే, ప్యాకేజీ వెళ్లింది. కొత్త వెర్షన్ల కాపలాకు యూస్కాన్‌ను పెట్టాను. 1.15 తర్వాత రచయిత 1.2 విడుదల చేశారు. పెర్ల్ లెక్కలో ఇవి దశాంశాలు, కాబట్టి 1.2 పెద్దది. డెబియన్ చుక్క దగ్గర విరిచి చూస్తుంది: 15 కన్నా 2 చిన్నది. యూస్కాన్ కిమ్మనలేదు. దీనికి ‘ఎపాక్’ అనే మందు ఉంది, వెర్షన్ ముందు ‘1:’ అని పెట్టడమే. కానీ ఒకసారి పెడితే మళ్లీ తీయలేం, పచ్చబొట్టు లాంటిది. అందుకని చుక్క తర్వాత ఒంటి అంకె ఉంటే సున్నా చేర్చమని నియమం రాశాను. 1.2 కాస్తా 1.20 అయింది, 1.3 వచ్చి 1.30 అయింది. ఆటోమేషన్ అంటే ఇదీ అనుకున్నాను.

అప్పుడు ఒక అక్షరదోషం దిద్ది ఆయన 1.301 వదిలారు. అది దర్జాగా లోపలికి వచ్చింది. తర్వాత ఒక కామా సరిచేసి 1.31 వదిలారు. 301 ముందు 31 ఎంత? యూస్కాన్ మళ్లీ మౌనం. రచయితకు ఉత్తరం రాశాను.

“అయితే 1.4 చేయనా?” అన్నారు.

“అది 1.40 అవుతుందండీ. 301 దాటాలి.”

“మీ డెబియన్‌కు దశాంశాలు రావా?”

చివరికి 2.0 విడుదల చేశారు. అందులో కొత్తదల్లా ఆ కామా ఒక్కటే. బ్లా బ్లా బ్లా అలాగే ఉంది.