దొంగలు పడ్డ నాలుగేళ్లకు మొరిగే పోటీ చట్టం

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ షరతులు మన ఫోన్లలో ప్రత్యక్షమయ్యాయి. ఒప్పుకుంటే ఉండు, లేదంటే పో అన్న ధోరణి. మార్కెట్లో పోటీని కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్, అదే సీసీఐ, తాత్సారం చేయలేదు. మార్చిలోనే తనంతట తాను దర్యాప్తుకు ఆదేశించింది. అసలు ఆ దర్యాప్తు జరగొచ్చా లేదా అన్న వాదన ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు దాటేసరికే 2022 అక్టోబర్ వచ్చింది. ఉత్తర్వు వెలువడింది 2024 నవంబర్ 18న: 213.14 కోట్ల జరిమానా, ప్రకటనల కోసం వాట్సాప్ యజమాని మెటా సంస్థలతో డేటా పంచుకోవడంపై ఐదేళ్ల నిషేధం. నిషేధంపై 2025 జనవరిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ స్టే ఇచ్చింది. నవంబర్‌లో జరిమానాను నిలబెట్టి నిషేధాన్ని కొట్టేసింది. ఈలోగా ఆ షరతులకు తలూపకుండా మిగిలిందెవరు?

చట్టం మారలేదని కాదు. ఇదే సీసీఐ 2017లో వాట్సాప్ డేటా పంపకంపై వచ్చిన ఫిర్యాదును, ఐటీ చట్టం ఉల్లంఘనలు తన పరిధిలోకి రావంటూ మూసేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి గోప్యత కూడా సేవ నాణ్యతలో భాగమేనని గుర్తించింది. మంచి మలుపే. ధర ఐదు, పది శాతం పెంచితే కొనేవాడు పక్క కొట్టుకు పోతాడా అని చూసే పాత పరీక్ష ఉచిత సేవ దగ్గర చతికిలపడుతుంది. సున్నాలో పది శాతం సున్నాయే కదా! విలీనాల్లోనూ ఇలాంటి కన్నమే ఉండేది. 2014లో ఫేస్‌బుక్, అంటే ఇప్పటి మెటా, 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొన్నప్పుడు మన పరిమితులన్నీ ఆస్తులు, టర్నోవర్ మీదే ఉండేవి. ఆ డీల్ సీసీఐ గడప తొక్కాల్సిన అవసరమే రాలేదు. పోటీ చట్టానికి 2023లో వచ్చిన సవరణ ఆ కన్నాన్ని పూడ్చింది. డీల్ విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, అమ్ముడుపోయే సంస్థకు ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే ముందస్తు అనుమతి తప్పదు. డిజిటల్ సేవలైతే ప్రపంచ వాడుకరుల్లో పది శాతం మనవాళ్లున్నా చాలు. ఈ నిబంధన అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబర్ 10న. అంటే వాట్సాప్ చేతులు మారిన పదేళ్లకు.

జరిమానాల లెక్కా మారింది. తప్పు జరిగిన సరుకు టర్నోవర్ మీదే లెక్కగట్టాలని 2017లో ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సవరణ తర్వాత ప్రపంచ టర్నోవర్‌లో పది శాతం దాకా వేయొచ్చు. దీనిమీదే కంపెనీల గగ్గోలంతా. నా దృష్టిలో మాత్రం ఇది రెండో విషయం. జరిమానా ఎంతన్నదానికంటే ఎప్పుడన్నదే ముఖ్యం.

సిమెంట్ కంపెనీలు కుమ్మక్కయ్యాయనుకోండి. పట్టుబడి కూటమి చెదిరితే బస్తా ధర మళ్లీ పోటీకి లొంగుతుంది. ప్లాట్‌ఫామ్ అలా కాదు. కొనేవాళ్లున్న చోటికే అమ్మేవాళ్లు వస్తారు, అమ్మేవాళ్లున్న చోటికే కొనేవాళ్లు. తూకం ఒకసారి ఒరిగిందా, ఐదేళ్ల తర్వాత వచ్చే ఉత్తర్వు దాన్ని నిలబెట్టలేదు. ఇక మన దారి చూడండి: ఫిర్యాదు, సెక్షన్ 26(1) కింద ప్రాథమిక అభిప్రాయం, సీసీఐ దర్యాప్తు విభాగమైన డైరెక్టర్ జనరల్ దర్యాప్తు, నివేదికపై అభ్యంతరాలు, వాదనలు, సెక్షన్ 27 ఉత్తర్వు, ఎన్‌సీఎల్‌ఏటీ, సుప్రీంకోర్టు. మధ్యలో ఏ మెట్టు మీదైనా హైకోర్టులో రిట్ వేయొచ్చు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై 2020 జనవరి 13న దర్యాప్తుకు ఆదేశిస్తే, నెల తిరిగేసరికి కర్ణాటక హైకోర్టు స్టే వచ్చింది. దర్యాప్తును ఆపబోమని సుప్రీంకోర్టు చెప్పింది 2021 ఆగస్టులో. ఏడాదిన్నర పోయింది, అదీ తొలి మెట్టు దగ్గరే. తర్వాత సంబంధిత మార్కెట్ ఏది, అంటే దేనికి ఏది పోటీ అన్న పేచీ. గూగుల్‌పై నడిచిన ఆండ్రాయిడ్ కేసులో ఆపిల్ ఐఓఎస్‌ను అదే గాటన కడితే గూగుల్ ఆధిపత్యం పలచబడుతుంది, విడదీస్తే చిక్కబడుతుంది. సీసీఐ విడదీసింది. సరిగ్గానే చేసింది. కానీ 2019 ఏప్రిల్‌లో మొదలైన దర్యాప్తు 2022 అక్టోబర్‌లో 1,337.76 కోట్ల జరిమానాగా తేలింది. ఐదు నెలలకు ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానాను ఉంచి, గూగుల్‌కు సీసీఐ ఇచ్చిన పది ఆదేశాల్లో నాలుగింటిని తీసేసింది. మధ్యంతర ఉత్తర్వులిచ్చే సెక్షన్ 33 చట్టంలో ఉంది. దాన్ని బయటికి తీసేది అరుదు.

అందుకే ముందే గీత గీయాలి. 2024 మార్చిలో బయటికొచ్చిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా చేసింది అదే. దేశంలో 4,000 కోట్ల టర్నోవర్ వంటి ఆర్థిక కొలమానాల్లో ఒకటి, దానికి తోడు కోటి మంది వాడుకరులో పది వేల మంది వ్యాపార వాడుకరులో ఉన్న సంస్థ ముందే కొన్ని కట్టుబాట్లకు లోబడాలి. సొంత సరుకును పైకి తోయకూడదు, తన వేదికపై అమ్మేవాళ్ల డేటాతో వాళ్లకే పోటీకి దిగకూడదు. ఐరోపా 2023 సెప్టెంబర్‌లో ఇలాంటి సంస్థల పేర్లు ప్రకటించి, ఆరు నెలల్లో కట్టుబాట్లు మొదలుపెట్టింది. మన ముసాయిదా ముసాయిదాగానే ఉంది.

ఈ వలలో మన స్టార్టప్‌లూ పడతాయని, పెట్టుబడులు బెదురుతాయని అభ్యంతరం. పరిమితి తక్కువగా ఉందనిపిస్తే అంకె పెంచండి. అంకె నచ్చలేదని చట్టాన్నే అటకెక్కిస్తారా?

అయినా గీత గీస్తే సరిపోతుందా? మన దేశంలో గీత కంటే గడువు బలహీనం. యూపీఐ లావాదేవీల్లో ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020 నవంబర్‌లోనే చెప్పింది. దర్యాప్తు లేదు, మార్కెట్ నిర్వచనం పేచీ లేదు, అచ్చంగా ముందస్తు నిబంధన. అప్పటికే గీత దాటినవాళ్లకు 2022 చివరిదాకా గడువిచ్చారు. అది 2024 చివరికి జరిగింది, అక్కణ్నుంచి 2026 డిసెంబర్ 31కి. ఫోన్‌పే, గూగుల్ పే కలిసి నూటికి దాదాపు 80 లావాదేవీలు నడుపుతున్నాయి. విజయవాడ టీకొట్టు నుంచి వరంగల్ కూరగాయల బండి దాకా అంటించిన క్యూఆర్ కోడ్లను ఎక్కువగా స్కాన్ చేసేది ఈ జంటతోనే. ఎన్నేళ్లు వాయిదా వేస్తే, వాటా తగ్గించమన్నప్పుడు ఇబ్బందిపడే వాడుకరులు అంత పెరుగుతారు. ఆ ఇబ్బందే తర్వాతి వాయిదాకు సాకు అవుతుంది.

రెండోసారి గడువు పెంచింది 2024 డిసెంబర్ 31న. ఆ రోజే వాట్సాప్ పేకు ఉన్న పది కోట్ల వాడుకరుల పరిమితినీ ఎన్‌పీసీఐ ఎత్తేసింది. డేటా పంపకంపై సీసీఐ ఉత్తర్వు వచ్చి అప్పటికి ఆరు వారాలు.