పక్షులకు పెట్టిన ఆ నీళ్ల మూకుడు కడిగి ఎన్నాళ్లయింది?

పోయిన మే నెలలో, విశాఖ హనుమంతవాకలో మా డాబా పిట్టగోడ మీద ఓ గువ్వ కూర్చుంది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని. గింజ ముక్కున కరుచుకుంటోంది, మింగలేక వదిలేస్తోంది. ముక్కు కింద తడి. ఎండదెబ్బేమో అనుకుని నీళ్ల మూకుడు దగ్గరికి జరిపాను. సాయంత్రానికి ప్రాణం పోయింది. తెలిసిన పశువైద్యుడు దాని నోరు తెరిచి చూపించారు. గొంతుకు అడ్డంగా పసుపుపచ్చని గడ్డ, విరిగిన పాలముద్దలా. ట్రైకోమోనాస్ అయ్యుంటుందన్నారు.

ఇది ఒకే కణంతో బతికే పరాన్నజీవి. పావురాల్లో, గువ్వల్లో మామూలే, చాలావాటికి ఏ బాధా ఉండదు. తల్లి గొంతులో ఊరే పాలతో పిల్లకు చేరుతుంది. జబ్బు పావురాన్ని తిన్న డేగకూ అంటుతుంది. అంటే కాలనీలో పుట్టిన జబ్బు కంబాలకొండ అడవి దాకా వెళ్లగలదు. మూడో దారి మన డాబాల మీదే ఉంది. మింగలేని పక్షి ముక్కు ముంచిన నీళ్లే, అది వదిలేసిన గింజే తర్వాత వచ్చిన పక్షికి దక్కుతాయి.

బ్రిటన్‌లో 2005 ప్రాంతంలో ఈ పరాన్నజీవి గ్రీన్‌ఫించ్ అనే చిన్న పిట్టలకు పాకింది. పెరటి తోటల్లో జనం ప్రేమగా గింజలు పెట్టే చోట్లే అవి గుంపులుగా చేరేవి. 2021కల్లా ఆ పిట్ట అక్కడి రెడ్ లిస్టుకు, అంటే ముప్పులో ఉన్న పక్షుల జాబితాకు, ఎక్కింది.

వేసవి వస్తే మన దగ్గర అందరూ చెప్పేది ఒక్కటే: పక్షులకు నీళ్లు పెట్టండి. పెట్టాల్సిందే. కానీ ఆ మాట అక్కడితో ఆపేయడం తప్పు. రోజూ పాత నీళ్లు పారబోసి, మూకుడు తోమి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ పరాన్నజీవి తడి లేకపోతే బతకదు. విశాఖ ఎండకు అది ఎంత పని! గింజలు కూడా ఒకేచోట కుప్పపోయకండి. జబ్బు పక్షి కనిపిస్తే కొన్ని వారాలు పెట్టడమే ఆపేయాలి. ఇది చెబితే మా వీధిలో కొందరికి కోపం వచ్చింది, పక్షుల నోటి దగ్గర కూడు లాగేస్తున్నానని. వాళ్ల బాధ నాకు అర్థమైంది, కానీ ఆ గువ్వ గొంతు చూసినవాణ్ని.

ఇంకో సంగతి. వారం పైగా కదపని నీళ్లలో క్యూలెక్స్ దోమలు పుడతాయి. పక్షుల మలేరియాను ముఖ్యంగా మోసేవి అవే. దోమ కుట్టి మలేరియా ఎలా అంటిస్తుందో రొనాల్డ్ రాస్ 1898లో కలకత్తాలో రుజువు చేసింది కూడా పక్షుల మీదే. ఫ్రైడే డ్రై డే అంటూ కూలర్లు, పూలకుండీలు ఖాళీ చేయమని చెప్పేవాళ్లు ఈ మూకుడు పేరు కూడా చేర్చాలి.

మా డాబా మీద ఇప్పుడు రెండు మూకుళ్లు. ఒకదాంట్లో నీళ్లుంటే, రెండోది ఎండలో ఆరుతుంటుంది.