బుర్జ్ అల్ బరాజ్నె వంటశాల: చేతికి పని ఉంది, పనికి హక్కు లేదు

లెబనాన్ రాజధాని బేరూత్‌ దక్షిణ శివార్లలో బుర్జ్ అల్ బరాజ్నె అనే పాలస్తీనా శరణార్థి శిబిరం ఉంది. 1948లో ఇళ్లూ పొలాలూ వదిలి వచ్చిన కుటుంబాల కోసం గుడారాలతో వెలసిన ఆ శిబిరం ఇవాళ ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒత్తుకుని నిలబడాల్సినంత ఇరుకు సందుల బస్తీగా మారిపోయింది. కరెంటు తీగలూ నీటి గొట్టాలూ కలగాపులగంగా తలల మీద వేలాడుతుంటాయి. చలికాలపు వానలకు అవి తడిసి, షాక్ కొట్టి మనుషులు చనిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ శిబిరంలోనే పుట్టి పెరిగిన మరియమ్ అల్ షార్ 2013లో అక్కడి మహిళా సంఘం తరఫున ‘సుఫ్రా’ అనే క్యాటరింగ్ సంస్థను ప్రారంభించారు. సుఫ్రా అంటే అరబీలో వంటకాలు వడ్డించి ఉంచిన భోజనపు బల్ల. పాలస్తీనా మహిళలతో పాటు సిరియా, ఇరాక్ దేశాల నుంచి వచ్చి తలదాచుకుంటున్న మహిళలు కూడా ఆ వంటశాలలో పనిచేశారు.

ఇలాంటి ప్రయత్నాల గురించి రాసేటప్పుడు వంటల రుచినీ, ఆ మహిళల ధైర్యాన్నీ మెచ్చుకుని ముగించడం పరిపాటి అయింది. ఆ మెప్పుకు వారు అన్ని విధాలా అర్హులే. కానీ శరణార్థి మహిళ నడిపే వంటశాలను వ్యాపారంగా చూడకుండా గాథగా మాత్రమే చూస్తే, ఆ వ్యాపారానికి ఎక్కడ ఊపిరి ఆడడం లేదో మనకు కనిపించదు. వారికి నైపుణ్యం కొదవలేదు. కొనేవారు కూడా ఉన్నారు. వారికి దక్కనిది పనిచేసుకునే చట్టబద్ధమైన హక్కు, సంపాదించిన దానిలో నిలకడైన వాటా.

ముందు వంటగది సంగతి చూద్దాం. పాలస్తీనా వారి ముసఖ్ఖన్ వండాలంటే గంపెడు ఉల్లిపాయలు తరిగి, ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద తేనె రంగు వచ్చేదాకా మగ్గించి, పుల్లటి సుమాక్ పొడి కలిపి, రొట్టె మీద కోడిమాంసంతో పాటు పరచాలి. ఇంట్లో పదిమందికి వండే తల్లి నూనెను కంటితో, సుమాక్‌ను గుప్పిటతో కొలుస్తుంది. రెండు వందల మందికి వండి అమ్మేటప్పుడు ఆ గుప్పిట ఎన్ని గ్రాములో కాగితం మీద రాసుకోవాలి, ప్లేటుకు ఎంత నూనె పట్టిందో తేల్చాలి, ఆ లెక్కను బట్టే ధర కట్టాలి. పైగా ఒక్కో ఊరి నుంచి వచ్చిన వారిది ఒక్కో పద్ధతి కాబట్టి, ఏ పద్ధతి ఖాయం చేయాలో వారే కూర్చుని తేల్చుకోవాలి. ఇంటి వంట వృత్తిగా మారేది ఈ దశలోనే. దాతలు ఎక్కువగా పొయ్యిలకూ గిన్నెలకూ డబ్బిస్తారు. ఈ లెక్కలు నేర్చుకోవడానికి పట్టే నెలల కాలానికి జీతం ఇచ్చేవారు తక్కువ.

హోటల్ వ్యాపారంలో మిగిలేది ఎప్పుడూ స్వల్పమే. సరుకులు, జీతాలు, అద్దె, గ్యాస్, కరెంటు పోగా చేతిలో నిలిచే కొద్దిపాటి మొత్తం ఒక్క చెడ్డ నెలతో తుడిచిపెట్టుకుపోతుంది. ఇలాంటి బృందాలు చాలావరకు నేరుగా రెస్టారెంట్ తెరవకుండా క్యాటరింగ్‌తో మొదలుపెట్టడం తెలివైన ఎత్తుగడ అని నా అభిప్రాయం. ఆర్డరు ముందే తెలుస్తుంది, వృథా తగ్గుతుంది, ప్రధాన రహదారి మీద అద్దె కట్టనక్కర్లేదు, ఇంట్లో చిన్నపిల్లలున్న వారు వంతులు వేసుకుని రావచ్చు. లోపమూ ఉంది. కొనేవారిలో స్వచ్ఛంద సంస్థలూ కార్యాలయాలూ ఎక్కువైతే, వారి బడ్జెట్లు తగ్గిన రోజున పొయ్యి ఆరిపోతుంది. 2019 చివర్లో లెబనాన్ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా డాలరుకు సుమారు 1,507 లెబనీస్ పౌండ్ల దగ్గర నిలిచిన కరెన్సీ తన విలువలో 90 శాతానికి పైగా కోల్పోయినప్పుడు, బ్యాంకులు డిపాజిటర్ల సొమ్మును బిగబట్టినప్పుడు, ఆ దేశంలో చిన్న వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ ఆ దెబ్బ తిన్నారు. శరణార్థికి మాత్రం ఆ దెబ్బ తట్టుకోవడానికి తాకట్టు పెట్టే ఆస్తి కూడా ఉండదు. ఎందుకంటే 2001లో తెచ్చిన చట్టం పాలస్తీనీయులకు లెబనాన్‌లో స్థిరాస్తి కొనే హక్కు లేకుండా చేసింది.

అసలు ముడి చట్టంలోనే ఉంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం 17, 18 అధికరణాలలో కూలికో జీతానికో పనిచేసే హక్కు గురించీ, సొంత వ్యాపారం గురించీ స్పష్టంగా చెబుతుంది. లెబనాన్ ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు. 2010 ఆగస్టులో ఆ దేశ పార్లమెంటు పాలస్తీనీయులకు వర్క్ పర్మిట్ రుసుము రద్దు చేసింది గానీ వైద్యం, న్యాయవాదం, ఇంజనీరింగ్ లాంటి వృత్తుల తలుపులు మూసే ఉంచింది. సామాజిక భద్రతా నిధిలో వారి పేరిట చందా పూర్తిగా జమ చేయిస్తూనే, ఉద్యోగం మానినప్పుడు వచ్చే పరిహారం తప్ప అనారోగ్య, ప్రసూతి ప్రయోజనాలు వారికి వర్తించవని తేల్చింది. పొయ్యి ముందు రోజంతా నిలబడే గర్భిణికి ఈ నిబంధన అర్థం ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. తన పేరిట చందా కడుతున్నా, కాన్పు ఖర్చు మాత్రం ఆమె నెత్తినే పడుతుంది.

సుఫ్రా బృందం ఫుడ్ ట్రక్ కొనాలనుకున్నప్పుడు ఆన్‌లైన్‌లో జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే వేదిక ద్వారా విదేశాల నుంచి కూడా చందాలు అందాయి. డబ్బు దొరికింది కానీ, బండి రోడ్డెక్కడానికి కావాల్సిన అనుమతుల దగ్గరే పని చాలాకాలం నిలిచిపోయింది. ముక్కూ మొహం తెలియని వేలమైళ్ల అవతలి మనిషి నమ్మి డబ్బు పంపినా, తాను పుట్టిన ఊళ్లోనే ఒక కాగితం కోసం తిరగాల్సి రావడం ఆ మహిళలకు జరిగిన అన్యాయమని నేను నిస్సంకోచంగా అంటాను.

సంపన్న దేశాల్లో పరిస్థితి మెరుగ్గా ఉంటుందనుకోవడం కూడా సగం నిజమే. బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన వ్యక్తి తన దరఖాస్తు ఏడాది పాటు తేలకపోతేనే పని అనుమతికి అర్జీ పెట్టుకోవాలి. అనుమతి వచ్చినా, ప్రభుత్వం జాబితా కట్టిన కొద్ది రకాల ఉద్యోగాలే చేయాలి. ఉగాండా 2006లో తెచ్చిన శరణార్థుల చట్టం మాత్రం పనిచేసే హక్కును గుర్తించింది. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా నిర్వాసితులైన వారి సంఖ్య 12.3 కోట్లు దాటిందనీ, శరణార్థుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి అల్ప, మధ్య ఆదాయ దేశాలే నీడనిస్తున్నాయనీ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తెలిపింది. ఆ భారం మోస్తున్న దేశాల ఇబ్బందులను కాదనలేం. అయినా పని నిషేధిస్తే శరణార్థులు పని మానరు, చాటుగా తక్కువ కూలికి చేస్తారు. దానివల్ల స్థానిక కూలీల బేరసారాల శక్తి కూడా తగ్గిపోతుంది.

ఇక వాటా మాట. ఇలాంటి వంటశాలలను తరచూ సామాజిక సంస్థలు అంటారు. సామాజిక సంస్థ అంటే లాభాన్ని యజమాని పంచుకోకుండా ఆశయానికే మళ్లీ వెచ్చించే వ్యాపారం. ఆ నిర్వచనం మంచిదే అయినా, దాని చాటున వంట చేసినవారికి రోజువారీ భత్యం మాత్రమే ఇచ్చి, ధరలూ ఆర్డర్లూ బ్యాంకు ఖాతా అన్నీ కార్యాలయంలో కూర్చున్నవారి చేతిలో ఉంచుకునే ప్రమాదం ఉంది. అందుకే ఏ బృందం గురించి విన్నా నేను మొదట అడగాలనుకునేవి చిన్న ప్రశ్నలు. చెక్కు మీద సంతకం ఎవరిది? వంటవారికి జీతం నెలనెలా వస్తుందా, ఆర్డరు ఉన్న రోజునే వస్తుందా? అయిదేళ్ల తర్వాత ఆమె కొనుగోళ్లు చూడగలదా, లెక్కలు రాయగలదా, లేక అదే గరిటెతో అక్కడే నిలబడి ఉంటుందా? వంట ఆడవాళ్ల పనే అనే పాత అభిప్రాయాన్ని సాయం పేరుతో మళ్లీ బలపరచకుండా ఉండాలంటే ఈ మూడో ప్రశ్న తప్పనిసరి.

ఈ విషయంలో బుర్జ్ అల్ బరాజ్నె మహిళలు చేసిన ఒక పని నాకు విలువైనదిగా తోస్తుంది. వంటశాల నడిపిన సంఘమే శిబిరంలో చిన్నపిల్లల కోసం నర్సరీ బడి కూడా నడిపింది. తెల్లవారుజామున ఉల్లిపాయలు తరగడానికి వచ్చే తల్లి తన బిడ్డను ఎక్కడ వదలాలన్నది బయటివారికి వ్యాపార ప్రశ్నగా కనిపించకపోవచ్చు. ఆ వంటశాలలో పనిచేసే వారికి రోజు మొదలయ్యేదే దానితో.